అనంతగిరి ఘాట్‌లో కోటి రూపాయల కరెంటు కారు: తోలేటోనికి మజా ఉంటదా?



ఈ ఎపిసోడ్ టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, మా బావ నెత్తిన పెట్టింది. బావది తాండూర్. నాపరాయి పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు. నలభై దాటినా స్టీరింగ్ పట్టుకుంటే ఇంటర్ పిల్లగాడే. ఇంట్లో పెద్ద డీజిల్ బండి ఉంది. కానీ ఒక్కడే హైదరాబాద్ పోయేటప్పుడు మాత్రం తన పాత మాన్యువల్ స్విఫ్టే తీస్తాడు. ఎందుకంటే దారిలో అనంతగిరి ఘాట్ ఉంది. మూడో గేరు, రెండో గేరు, మళ్లీ మూడో గేరు. దాని కోసమే.

పోయిన నెల ఫోన్ చేసి సూటిగా అడిగాడు. "ఏం రా బామ్మర్ది, కోటి రూపాయలు పెట్టి కరెంటు కారు కొంటే తోలేటోనికి మజా ఉంటదా, ఉండదా? మైలేజీ ముచ్చట నాకు చెప్పకు. పొల్యూషన్ ముచ్చట అసలే చెప్పకు. మజా ఒక్కటి చెప్పు."

మంచి ప్రశ్న అండీ. కార్ల వీడియోల్లో చాలావరకు రేంజ్ ఎంత, స్క్రీన్ ఎన్ని ఇంచులు, సన్‌రూఫ్ ఉందా అనే దగ్గరే ఆగిపోతాయి. నడపడమే ఇష్టంగా ఉన్న మనిషికి ఏం దొరుకుతుంది, ఏం పోతుంది అని మన రోడ్డు మీద పెట్టి చెప్పేవాళ్లు తక్కువ. కాబట్టి ఈ రోజు మన రోడ్డే కొలత. హైదరాబాద్ నుంచి చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్, అనంతగిరి, ధారూర్, తాండూర్.

బావ తొందర ఎందుకో ముందు చెప్తా. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో జీవో 41 ఇచ్చింది. దాని ప్రకారం 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఇన్ని బండ్లకే అని లెక్క కూడా పెట్టలేదు. స్కూటర్‌కూ అదే, పోర్షేకూ అదే. కోటి రూపాయల పెట్రోల్ కారుకు 18 శాతం లైఫ్ ట్యాక్స్ అని లెక్కేసుకున్నా 18 లక్షలు. దీనికి తోడు జీఎస్టీ. ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం, పెద్ద ఇంజన్ల పెట్రోల్, డీజిల్ కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం. అంటే ఖరీదైన కారు కొనేవాడిని ప్రభుత్వమే చెయ్యి పట్టుకుని కరెంటు కార్ల షోరూంలోకి తీసుకెళ్తోంది. డిసెంబర్ దాటితే ఏమైతదో ఎవరికి తెలుసు, అందుకే బావ కంగారు.

సరే, ఏ కార్ల గురించి మాట్లాడుతున్నాం? ధరల్లో తేడా చాలా ఉంది. బీవైడీ సీల్ 2024 మార్చిలో వచ్చినప్పుడు 41 లక్షల నుంచి మొదలు, అందులో పెర్ఫార్మెన్స్ వెర్షన్ 53 లక్షలు, 530 హార్స్‌పవర్. ఎంజీ సైబర్‌స్టర్ అని రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు, 2025 జూలైలో 75 లక్షల దగ్గర దిగింది. బీఎండబ్ల్యూ ఐ4 ఉంది. దాని పైన ఐ5 ఎం60, కోటీ ఇరవై లక్షల దగ్గర మొదలైంది, 601 హార్స్‌పవర్. ఇంకా పైకి పోతే పోర్షే టైకాన్. ఇవన్నీ షోరూంలో నంబర్లు చెప్పి అమ్మే కార్లే. ఆ నంబర్లలో మొదటిది ఎప్పుడూ ఒక్కటే: సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు.

మొదటిసారి కాలు పూర్తిగా నొక్కినప్పుడు ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వా. కడుపులో ఏదో వెనక్కి జారినట్టు ఉంటది. పెట్రోల్ ఇంజన్‌లో బలం రావాలంటే ఆర్‌పీఎం పెరగాలి, టర్బో గాలి నింపాలి, గేర్‌బాక్స్ ఒక గేరు దించాలి. మోటర్‌లో ఇవేవీ లేవు. నువ్వు నొక్కగానే టార్క్ అక్కడే ఉంటది. సీల్ పెర్ఫార్మెన్స్, ఐ5 ఎం60 రెండూ కంపెనీ లెక్కలో 3.8 సెకన్లు. ఈ ఆటలో చివరి మెట్టు చూడాలంటే మహీంద్రా వాళ్ల సొంత కంపెనీ ఆటోమొబిలి పినిన్‌ఫరీనా చేసిన బటిస్టా ఉంది. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ దగ్గర నాట్రాక్స్ ట్రాక్ మీద పావు మైలు 8.55 సెకన్లలో పోయింది. ఒకప్పుడు ఇలాంటి నంబర్లు డ్రాగ్ రేసింగ్ బండ్లకే ఉండేవి.

కానీ ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. బీటెక్‌లో నాకు మెకానికల్ రాలేదు, సీఎస్ఈ వచ్చింది, అయినా ఇంటర్ ఫిజిక్స్ సరిపోతుంది. 3.8 సెకన్లలో వంద చేరాలంటే కారుకు సుమారు 50 మీటర్లు పడుతుంది. నాలుగు ఆర్టీసీ బస్సులు వరసగా పెడితే ఎంతో అంత. ఇప్పుడు ఆపడం చూడండి. ముందు ఏదో కనబడింది, మెదడు తేరుకుని కాలు బ్రేక్ మీదికి రావడానికి సెకనున్నర అనుకుందాం. వంద స్పీడ్‌లో ఆ సెకనున్నరకే 42 మీటర్లు పోయావు. ఆ తర్వాత పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఇంకో 50. మొత్తం 90 మీటర్ల పైన. అదే అరవైలో ఉంటే అంతా కలిపి 43 మీటర్లే. ఇప్పుడు అనంతగిరి ఘాట్‌లో ఏ మలుపు దగ్గరైనా నిలబడి ముందు ఎన్ని మీటర్లు కనబడుతుందో చూడండి. చెట్లు, గుట్ట, అవతల కోతులకు అరటిపండ్లు పెట్టడానికి రోడ్డు మీదే ఆపిన కారు. (ఈ కోతులకు తిండి పెట్టే అలవాటు మీద వేరే ఎపిసోడ్ చేయాలి, ఆదివారం అయితే మలుపుకో కుటుంబం ఉంటది.) అంటే ఈ కారు అమ్మేటప్పుడు దేన్నైతే ముందు పెట్టి అమ్ముతున్నారో, దాన్ని వాడుకునే జాగా మన దారిలో లేదు.

చేవెళ్ల రోడ్డు సంగతి మీకు తెలుసు. రెండు పక్కలా పాత మర్రిచెట్లు, తొమ్మిది వందల దాకా. చాలా అందమైన రోడ్డు. విస్తరణ పనులు చెట్ల కేసుతో ఏళ్ల తరబడి ఆగాయి. 2025 నవంబర్ 3న పొద్దున్నే తాండూర్ నుంచి హైదరాబాద్ పోతున్న ఆర్టీసీ బస్సును మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికీ ఎలక్ట్రిక్ కార్లకూ సంబంధం లేదు. నేను చెప్పేది రోడ్డు గురించి. తాండూర్ వాళ్లు కాలేజీకి, ఆస్పత్రికి, ఉద్యోగానికి పోవాలంటే ఎక్కే బస్సు అది, పోయే రోడ్డు ఇది. ఆ రోడ్డు మీద 600 హార్స్‌పవర్ కారు గురించి మాట్లాడుతూ దాన్ని పక్కన పెట్టడం నాకు చేతకాదు.

నిజాయితీగా రెండో వైపు కూడా చెప్పాలి. ఓవర్‌టేక్‌లో ఇదే బలం కాపాడుతుంది కూడా. బండలు నింపుకున్న లారీని దాటాలి అనుకోండి. బావ స్విఫ్ట్‌లో గేరు దించి, గట్టిగా లాగి, ఎదురు లేన్‌లో చాలాసేపు ఉండాలి. ఎలక్ట్రిక్ కారు అరవై నుంచి తొంభైకి రెండు సెకన్ల లోపే పోతుంది, ఎదురు లేన్‌లో ఉండే టైం తగ్గుతుంది. ఇది పెద్ద లాభం. చిక్కు ఎక్కడంటే, పాత కారులో దాటలేను అని ఆగిపోయే చోట ఈ కారులో దాటగలను అనిపిస్తుంది. ఎదురుగా వచ్చేవాడిది ఎనభై, మనది ఎనభై అయితే ఇద్దరి మధ్య దూరం సెకనుకు 44 మీటర్లు కరిగిపోతుంది. మన కారు ఎంత ఖరీదైనదైనా ఎదుటివాడి స్పీడ్ తగ్గదు కదా.

ఇక ఘాట్‌లో మజా ఎక్కడ ఉంది? ఉంది. నేను అనుకున్న చోట మాత్రం కాదు.

ఫ్రెండ్ కారు ఒకటి, ఒక ఆదివారం పొద్దున ఐదున్నరకు, టూరిస్టులు రాకముందు. కారు పేరు చెప్పను. రెండు టన్నులు దాటిన సెడాన్, వెనక చక్రాలకు ఒకటే మోటర్, 350 లోపు హార్స్‌పవర్. షోరూం వాళ్లతో ప్రయత్నించా, గచ్చిబౌలిలో ఒక ఫ్లైఓవర్ ఎక్కించి దింపి నాలుగు కిలోమీటర్లకు టెస్ట్ డ్రైవ్ అయిపోయిందన్నారు. అందుకే ఫ్రెండ్‌ను బతిమాలా.

నలభై, యాభై స్పీడ్‌లో పైకి ఎక్కుతుంటే తెలిసింది అసలు సంగతి. మలుపులో ఉండగా కాలు బొటనవేలంత కదిలిస్తే కారు అంతే కదులుతుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఆలస్యం అసలే లేదు. పెట్రోల్ ఆటోమేటిక్‌లో మలుపు మధ్యలో గేరు మారి కారు ఒక్కసారి తూలుతుంది చూడండి, అది లేదు. కాలు ఎత్తితే రీజెన్ పట్టుకుంటుంది, అంటే మోటరే జనరేటర్ అయ్యి బండిని నెమ్మదిస్తుంది. ముందు చక్రాల మీదికి బరువు మెల్లగా వస్తుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పితే ముక్కు లోపలికి పోతుంది. మళ్లీ కాలు పెడితే వెనక చక్రాలు నెడతాయి. బ్రేక్ ముట్టకుండా ఒక్క పెడల్‌తో ఐదారు మలుపులు వరసగా తీయడం నేర్చుకున్నా. ఇది గేర్లు మార్చడం లాంటి మజా కాదు, వేరే మజా. సైకిల్ తొక్కడానికి దగ్గరగా ఉంటది అనిపించింది. బ్యాటరీ నేల కింద పరిచి ఉంటది కాబట్టి కారు ఒరగదు. అద్దాలు దించితే ఇంజన్ చప్పుడు లేదు, పక్షులు, గాలి, టైర్ కింద ఆకులు. మూసీ పుట్టిన కొండ అండీ ఇది, ఇన్నేళ్లు ఇక్కడే ఉండి కారులో కూర్చుని ఆ అడవి చప్పుడు నేను మొదటిసారి విన్నా.

ఇదంతా యాభై స్పీడ్‌లో. లైసెన్స్‌కు, ప్రాణానికి, ఎదుటివాడికి ఏ ఇబ్బందీ లేని స్పీడ్‌లో. మంచి ఎలక్ట్రిక్ కారు నడపడం ఇష్టమున్నవాడికి ఇచ్చేది నా లెక్కలో ఇదే. 3.8 సెకన్లు పది రోజుల్లో పాతబడతాయి, స్నేహితులకు చూపించడానికి మిగులుతాయి. కాలి కింద ఆ కచ్చితత్వం మాత్రం ప్రతి మలుపుకూ ఉంటది.

ఇప్పుడు ఏం పోతుందో చెప్తా. చాలామంది చప్పుడు లేదు, గేర్లు లేవు అని ఏడుస్తారు. నా వరకు పెద్ద నష్టం అది కాదు. బరువు.

పోర్షే 911 కరేరా పదిహేను వందల కిలోల పైచిలుకు. టైకాన్ రెండు టన్నులు దాటుతుంది. బీఎండబ్ల్యూ పెట్రోల్ ఎం340ఐ పదిహేడు, పద్దెనిమిది వందల కిలోల దగ్గర ఉంటే, అదే సైజు ఐ4 రెండు టన్నుల పైనే. బావ స్విఫ్ట్ టన్ను కూడా లేదు. బరువు కింద ఉంది, ఒరగదు అని కంపెనీలు చెప్పేది నిజమే. కానీ ఒరగకపోవడం వేరు, బరువు లేకపోవడం వేరు. మలుపులో కారును లోపలికి లాగి పట్టుకునేది నాలుగు అరచేతులంత రబ్బరు. బరువు రెట్టింపు అయితే ఆ రబ్బరు పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే వెడల్పు టైర్లు వేస్తారు, గట్టి స్ప్రింగులు వేస్తారు, కంప్యూటర్‌తో సస్పెన్షన్ నడిపిస్తారు. కారు బాగానే తిరుగుతుంది. కానీ టైర్ పట్టు ఎక్కడ వదలబోతోందో చేతికి తెలియడం తగ్గిపోతుంది. చిన్న తేలిక కారులో నలభైలోనే టైర్ గుసగుసలాడుతుంది, ఇక చాలు అంటుంది. ఈ కార్లలో ఆ మాట చాలా ఆలస్యంగా, చాలా స్పీడ్‌లో వినబడుతుంది. తడి రోడ్డు మీద, ధారూర్ వైపు వానాకాలంలో, అది నాకు నచ్చే విషయం కాదు.

ఎలక్ట్రిక్ కారు బరువుగానే ఉండాలని రూల్ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ చుట్టూ ఫార్ములా ఈ రేస్ జరిగింది, గుర్తుందా? ఆ కార్లు డ్రైవర్‌తో కలిపి 850 కిలోల దగ్గర ఉంటాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ ఆఖరి దాకా వెనకాలే ఉన్నాడు. ఆ రేసులో ఎవరు ఎక్కడ కాలు ఎత్తి కరెంటు మిగుల్చుకుంటున్నారు అన్నదే ఆట. తర్వాతి ఏడాది రేస్ రద్దయింది, ఆ పైన అది రాజకీయం, కేసులు అయ్యింది, మనం అందులోకి పోవద్దు. నేను చెప్పేది ఒక్కటే. చిన్న బ్యాటరీ, తేలిక బండి, కాలు ఎత్తడంలో తెలివి, ఇవి ఉంటే ఎలక్ట్రిక్‌లో డ్రైవింగ్ ఎంత గొప్పగా ఉంటుందో మన నగరంలోనే చూపించారు. షోరూంలో మాత్రం ఆ రకం దొరకదు. అక్కడ అందరికీ ఆరు వందల కిలోమీటర్ల రేంజ్ కావాలి, దానికి పెద్ద బ్యాటరీ కావాలి, దాన్ని లాగడానికి పెద్ద మోటర్ కావాలి.

ఘాట్ దిగేటప్పుడు బరువు గురించి ఇంకో చిన్న లెక్క. 2.2 టన్నుల కారు వంద మీటర్ల ఎత్తు దిగితే తిరిగి వచ్చే కరెంటు, నష్టాలేమీ లేవనుకున్నా, 0.6 యూనిట్. ఒక సీలింగ్ ఫ్యాన్ ఒక రాత్రి తిరిగేంత. కాబట్టి కొండ దిగితే బ్యాటరీ నిండుతుంది అని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. బ్యాటరీ నూటికి నూరు శాతం ఉంటే ఆ కరెంటుకు పోయే చోటు లేదు, రీజెన్ బాగా తగ్గిపోతుంది. పైన రిసార్ట్‌లో రాత్రంతా ఫుల్ చార్జింగ్ పెట్టి పొద్దున్నే దిగేవాళ్లు, రోజూ కాలు ఎత్తగానే ఆగే కారు ఈ రోజు ఎందుకు జారిపోతోంది అని ఉలిక్కిపడతారు. బ్రేక్ ఉంది, భయం లేదు. కానీ ఎనభై శాతం దగ్గర ఆపేసి దిగండి.

చప్పుడు, గేర్లు. దీని మీద త్వరగా చెప్పేస్తా. హ్యుందాయ్ 2023లో ఐయానిక్ 5 ఎన్ అని ఒక కారు చూపించింది, అందులో లేని గేర్లను సాఫ్ట్‌వేర్‌తో పుట్టించారు. పాడిల్ లాగితే కారు గేరు మారినట్టు తల ఊపుతుంది, స్పీకర్లలో ఇంజన్ అరుస్తుంది. మన దగ్గర అమ్మే ఐయానిక్ 5 అది కాదు. ఆ కారు నడిపిన విదేశీ జర్నలిస్టులు చాలామంది మెచ్చుకున్నారు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఐదేళ్లు చేసినవాణ్ణి కాబట్టి నాకు వేరే ఆలోచన వచ్చింది. గేరు, చప్పుడు, స్టీరింగ్ బరువు, పెడల్ స్పందన అన్నీ కోడ్ అయినప్పుడు, కారు స్వభావం అనేది ఒక సెట్టింగ్స్ ఫైల్. రాత్రి అప్‌డేట్ వస్తే పొద్దున్న నీ కారు వేరే కారు. స్విఫ్ట్ గేర్‌రాడ్ పన్నెండేళ్లుగా అక్కడే అలాగే ఉంది, బావ చెయ్యి దాన్ని చూడకుండా పట్టుకుంటుంది. ఈ తేడా కొందరికి ఏమీ కాదు. బావకు అవుతుందని నా అనుమానం.

రిమాక్ నెవెరా అని క్రొయేషియాలో చేసే ఎలక్ట్రిక్ సూపర్‌కార్ ఉంది. దాని కంపెనీ పెట్టిన మాటె రిమాక్ 2024లో బాహాటంగానే చెప్పాడు, అంత డబ్బు పెట్టేవాళ్లకు ఎలక్ట్రిక్ మీద కోరిక తగ్గిందని, అది వాచీల లాంటి వ్యవహారమని. డిజిటల్ వాచీ టైం బాగా చూపిస్తుంది, కానీ లక్షలు పెట్టేవాడు ముల్లు తిరిగే మెకానికల్ వాచీ కొంటాడు. పోర్షే లెక్కలు చూసినా అదే. టైకాన్ 2023లో ప్రపంచం మొత్తం మీద నలభై వేలు దాటింది, 2024లో 20,836కు పడింది. దాదాపు సగం. 2025 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ పెట్రోల్ ఇంజన్లను అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం ఉంచుతామని ప్లాన్లే మార్చుకుంది. కొనేవాడికి దీనర్థం రీసేల్. బ్యాటరీ టెక్నాలజీ ఫోన్లలాగా మారుతోంది. కోటి పెట్టి కొన్నది నాలుగేళ్లకు ఎంతకు పోతుందో ముందే మనసులో తీసేసుకుని కొనాలి.

ఇంక ఘాట్ దిగి తాండూర్ వైపు పోదాం. ధారూర్ దాటి పెద్దేముల్ వైపు పోతుంటే ఘాట్ మజా అంతా మరిచిపోతారు. బండల లారీలు, సిమెంట్ ట్యాంకర్లు, వాటి కింద నలిగిన రోడ్డు, ఊరికి రెండు స్పీడ్ బ్రేకర్లు. వాటిని ఏ కొలతకు కట్టారో కట్టిన మేస్త్రీకే తెలియాలి. ఈ ఖరీదైన సెడాన్లు నేలకు చాలా దగ్గరగా ఉంటాయి. కారు కింద మొదట తగిలేది సైలెన్సర్ కాదు, బ్యాటరీ పెట్టె. కొత్త కారు కొన్నప్పుడు ఇన్సూరెన్స్‌లో బ్యాటరీకి కింది నుంచి దెబ్బ తగిలితే కవర్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి, నోటి మాట వద్దు.

టైర్ల కథ ఇంకోటి. బావ దోస్తుది ఒక ఖరీదైన ఎలక్ట్రిక్ కారు, కంపెనీ పేరు వద్దు. పెద్దేముల్ దాటాక అంచు తెగిన గుంతలో పడి టైర్ పక్కగోడ చీలింది. ఇరవై ఇంచుల చక్రం, టైర్ రబ్బరు మూడు వేళ్ల మందం. స్టెప్నీ లేదు, ఇలాంటి కార్లలో ఎక్కువ శాతానికి ఉండదు, పంచర్ కిట్ ఇస్తారు. పక్కగోడ చీలితే కిట్ ఏం చేస్తది? మామూలు క్రేన్‌తో చక్రాలు దొర్లిస్తూ లాగొద్దు, మోటర్ పాడైతది, పడక లారీ మీద ఎక్కించే తీసుకెళ్లాలి. అది హైదరాబాద్ నుంచి రావాలి. ఐదు గంటలు చింతచెట్టు కింద కూర్చున్నాడు. ఆ సైజు టైర్ తాండూర్‌లో దొరకలేదు, వికారాబాద్‌లో దొరకలేదు. కారు మూడో రోజు ఇంటికి చేరింది. పక్కనే ఒకాయన ట్రాక్టర్ మీద పోతూ ఆగి, "ఎంత పడ్డది సారూ కారు?" అని అడిగాడట. చెప్పాలనిపించలేదంట.

చార్జింగ్ మీద నాకు పెద్ద కంప్లయింట్ లేదు, బావ లాంటి వాళ్లకు. సొంత జాగా ఉంది, యూనిట్‌లో త్రీఫేజ్ ఉంది. 11 కిలోవాట్ల చార్జర్ పెట్టుకుంటే ఎనిమిది గంటల్లో దాదాపు 80 యూనిట్లు ఎక్కుతాయి. తాండూర్ నుంచి గచ్చిబౌలి పోయి రావడం 230 కిలోమీటర్ల చుట్టూ. నింపాదిగా పోతే 45 యూనిట్లు, ఘాట్‌లో సరదా తీర్చుకుంటే 60 దాకా. మధ్యలో ఎక్కడా ఆగక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండి, బయట చార్జర్ల మీద ఆధారపడి ఈ వైపు వీకెండ్ డ్రైవ్‌కు వచ్చేవాళ్లు మాత్రం బయలుదేరే ముందు యాప్‌లో చూసుకోవడమే కాదు, ఆ చార్జర్ ఇవాళ నడుస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోండి.

ఇంక బావకు ఏం చెప్పానో చెప్తా. మొదటిది, హార్స్‌పవర్ తగ్గించుకో బావా అన్నా. రెండు మోటర్ల 600 వద్దు, వెనక చక్రాల ఒక్క మోటర్ చాలు. బరువు తగ్గుతది, డబ్బు తగ్గుతది, ఘాట్‌లో మజా తగ్గదు. ఏ కారు తీసుకున్నా అన్నింటికన్నా చిన్న చక్రాల వెర్షన్ అడుగు, ఫోటోలో అందం పోయినా పర్లేదు, పెద్దేముల్ రోడ్డుకు రబ్బరు కావాలి. ఒక టైర్ అదనంగా కొని యూనిట్‌లో పెట్టుకో. రెండోది, నాలుగు కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్‌తో సంతకం పెట్టకు. ఒక రోజు కారు ఇవ్వమను, వికారాబాద్ దాకా తీసుకురా, ఘాట్ ఎక్కి దిగు, తాండూర్ దాకా నడుపు. ఇవ్వమంటే వేరే షోరూం చూసుకో, అమ్మేది కోటి రూపాయల వస్తువు, ఒక్క రోజు ఇయ్యలేరా? మూడోది, 600 హార్స్‌పవర్ ఎంత అనేది నిజంగా చూడాలనిపిస్తే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది. అక్కడ ట్రాక్ డే ఉన్నప్పుడు పోదాం, నేనూ వస్తా. బ్యాటరీ వేడెక్కి రెండు మూడు ల్యాప్‌లకే కారు బలం తగ్గించుకుంటుందా లేదా అనేది కూడా అక్కడే తేలుతది. చేవెళ్ల రోడ్డు మీద తేల్చుకోవద్దు.

నాలుగోది, స్విఫ్ట్ అమ్మకు. ట్యాక్స్‌లో మిగిలిన 18 లక్షల్లో ఒక చిన్న ముక్క పెట్టి సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్, నాలుగు మంచి టైర్లు వేయించు.

బావ అంతా విని, "అంటే తీసుకోమంటవా, వద్దంటవా?" అన్నాడు. తీసుకో, కానీ డిసెంబర్ వస్తుందని తీసుకోకు అన్నా. ట్యాక్స్ మిగులుతుందని ఇష్టం లేని కారు కొంటే మిగిలింది ఏముంది, ఒక మోటర్ తప్ప. "మీ అక్కను అడుగుత" అన్నాడు. అక్క ఏమంటదో నాకు తెలుసు, ఆమెకు వెనక సీటు మెత్తగా ఉండాలి, అంతే.

పోయిన వారం వాళ్లు ఒక రోజుకు కారు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు వికారాబాద్‌లో కలుస్తున్నాం. కెమెరా పెడతా. స్పీడ్ మీటర్ కనబడేటట్టే పెడతా, అరవై దాటితే మీరే కింద తిట్టండి. మీలో ఎవరైనా ఎలక్ట్రిక్ కారులో తాండూర్ దాకా నడిపి ఉంటే కారు ఏది, టైర్ సైజు ఎంత, బ్యాటరీ ఎంత శాతం తిన్నది, ఈ మూడూ రాయండి. ఆ వివరాలన్నీ ఒక పట్టికగా చేసి వచ్చే ఎపిసోడ్‌లో పెడతా. ఉంటా మరి.